లారీ డ్రైవరు బండి మారేదెప్పుడు?

కోయిలకుంట్ల: నల్లరేగడి చేలల్లో శనగ కోతలు మొదలయ్యాయంటే ఈ ప్రాంతంలో లారీ డ్రైవరుకు గిరాకీ వచ్చినట్టే. సంక్రాంతి దాటాక శనగ బస్తాలు కళ్లాల నుంచి గోదాములకు, అక్కడి నుంచి దూరప్రాంతాల పప్పు మిల్లులకు కదులుతాయి. సరిగ్గా అప్పుడే ఇళ్ల కట్టుబడి పనులు కూడా జోరందుకుంటాయి. కొలిమిగుండ్ల వైపు సిమెంటు లారీలకు, బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి లారీలకు చేతినిండా పని. అదే వానాకాలంలో కట్టుబడులు మందగించి సిమెంటు కదలదు. బాడుగలు లేక బండ్లు షెడ్ల ముందు నిలబడతాయి. మూడు నెలల టాక్సు దండగని కొందరు ఓనర్లు బండిని ఆపి పెట్టడమూ కద్దు.

డ్రైవరు బతుకు ఈ రెండు కాలాల మధ్య నడుస్తుంది. చిత్రమేమంటే, బండి మారే డ్రైవర్లలో చాలామంది గిరాకీ కాలం చూసుకుని మారరు. ఓనరుతో మాటామాటా పెరిగిన రోజున తాళాలు బల్లమీద పడేసి వచ్చేస్తారు. అది ఆషాఢంలో జరిగితే మళ్లీ స్టీరింగు దొరికేసరికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా ఇల్లు గడవడానికి చేసిన అప్పును కొత్త ఓనరు ఇచ్చే అడ్వాన్సుతో తీర్చాలి. పాత ఓనరు బాకీ ఉంటే అదీ ఇందులోనే. ఓనరు మారాడు, బండి మారింది, బాకీ మాత్రం అలాగే ఉంది.

అడ్వాన్సు ముడి

లారీ వృత్తిలో అడ్వాన్సు లేని డ్రైవరు అరుదు. పిల్లల చదువుకో, ఇంట్లో పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఓనరు దగ్గర చేబదులు తీసుకోవడం, దాన్ని ట్రిప్పు ట్రిప్పుకూ కొంత కోయించుకోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆపదలో బ్యాంకు ఇవ్వని డబ్బు ఓనరు ఇస్తాడన్నది కాదనలేని మాట. ఓనరు వైపు నుంచి చూసినా, లక్షల ఖరీదు చేసే బండిని చేతిలో పెట్టి పంపేటప్పుడు ఆ మనిషి రేపు కూడా వస్తాడన్న భరోసా కావాలి. ఆ భరోసాకే అడ్వాన్సు.

చిక్కంతా లెక్క ఒకరి దగ్గరే ఉండటంలో వస్తుంది. ఎంత ఇచ్చారు, ఎంత కోశారు, ఎంత మిగిలింది అన్నది ఓనరు గుమాస్తా పుస్తకంలో ఉంటుంది. డ్రైవరుకు నోటి లెక్క తప్ప మరొకటి లేదు. బండి వదిలే రోజున ఆ పుస్తకంలో కొత్త పద్దులు కనిపిస్తాయి. ఎప్పుడో పగిలిన అద్దం, పేలిన టైరు, పోలీసుల ఈ-చలానా, తగ్గిన డీజిలు అన్నీ డ్రైవరు ఖాతాలోకి చేరతాయి. అవి నిజమో కాదో తేల్చడానికి డ్రైవరు దగ్గర చిన్న చీటీ కూడా ఉండదు.

కనుక ఉద్యోగం మారే ఆలోచన ఉన్న డ్రైవరు మొదట చేయాల్సిన పని కొత్త ఓనరును వెతకడం కాదు, పాత లెక్కను తెలుసుకోవడం. నాలుగు రూపాయల నోటు పుస్తకం కొని ప్రతి ట్రిప్పుకూ తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, తీసుకున్న ఖర్చు డబ్బు, మిగిల్చి ఇచ్చినది, కోసిన బాకీ రాసుకుంటే చాలు. నెలకొకసారి గుమాస్తా పుస్తకంతో సరిచూసి అక్కడే సంతకం పెట్టించుకుంటే మరీ మంచిది. రాయడం రానివారు ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించుకుంటున్నారు. డబ్బు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో వచ్చినా, పోయినా ఆ వివరం ఫోన్లోనే నిలిచి ఉంటుంది. నగదుగా ముట్టినదే గాలికి పోతుంది.

బాకీ ఉన్నంత మాత్రాన మనిషిని కట్టిపడేసే హక్కు ఎవరికీ లేదు. అప్పు తీరేదాకా నా దగ్గరే పనిచేయాలన్న షరతును 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం నేరంగా పరిగణిస్తుంది. బాకీ ఉంటే దాన్ని బాకీగానే వసూలు చేసుకోవాలి. లైసెన్సు తీసి బీరువాలో పెట్టుకునే ఆనవాయితీ కూడా అంతే. పైపెచ్చు, 2018 తర్వాత డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు తనిఖీలో చెల్లుతోంది గనుక కార్డు పట్టుకున్నంత మాత్రాన డ్రైవరును ఆపినట్టు కాదు. ఈ సంగతి తెలియని డ్రైవర్లు ఇప్పటికీ కార్డు కోసమే కాళ్లావేళ్లా పడటం విచారకరం.

మారాల్సిన వేళ

ఓనరు కసిరాడనో, పక్క బండి డ్రైవరుకు వెయ్యి ఎక్కువ వస్తోందనో మారడం వేరు. మారక తప్పని పరిస్థితులు వేరు. బ్రేకులు పట్టడం లేదని మూడుసార్లు చెప్పినా షెడ్డుకు పంపని చోట ఒక్క ట్రిప్పు కూడా ఎక్కువే. అరిగిన టైర్లతో, కాలం చెల్లిన బీమాతో బండిని రోడ్డు మీదికి పంపే ఓనరు దగ్గర జీతం ఎంతైనా అది జీతం కాదు. రవాణా బండికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకొకసారి, ఆపైన ఏడాదికొకసారి ఫిట్‌నెస్ చేయించాలి. ఆ కాగితం లేని బండి ప్రమాదానికి గురైతే ముందు జైలుకు వెళ్లేది స్టీరింగు ముందు కూర్చున్నవాడే.

అధిక లోడు సంగతి మరొకటి. 2018లో కేంద్రం బరువు పరిమితి పెంచి పది చక్రాల బండికి మొత్తం 28.5 టన్నుల దాకా అనుమతించింది. అయినా అంతకు మించి ఎక్కించే చోట్లు ఉన్నాయి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు మరో 2,000 జరిమానా ఉంది. ఎక్కించమన్నది ఓనరే అయినా, అది డ్రైవరు బాకీలోకి వెళ్తుందా అన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం. తేల్చడానికి ఇష్టపడని ఓనరు జవాబు చెప్పేసినట్టే.

నిద్ర మరో కొలత. వరుసగా రెండు రాత్రులు నడిపించి మూడో రాత్రి కూడా లోడు సిద్ధంగా ఉందని ఫోను చేసే చోటు నుంచి బయటపడటానికి ముహూర్తం అక్కర్లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది. కాని అది ఐదుగురు, అంతకుమించి పనివారున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర పనిచేసిన డ్రైవరుకు ఆ చట్టం అందలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్లలో ఆ చట్టం కలిసిపోయింది. పనిగంటల మాట పక్కన పెడితే, వేతనాల కోడ్‌లో డ్రైవరుకు పనికొచ్చే ముక్క ఒకటుంది. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో జీతం లెక్క చెల్లించాలి. ఏ కారణం మీద కోత పెట్టినా అది జీతంలో సగానికి మించరాదు. ఇవ్వని పక్షంలో నంద్యాలలో కార్మికశాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీతో పాటు నోటు పుస్తకం కూడా ఉంటే అధికారి పని, డ్రైవరు పని రెండూ తేలికవుతాయి.

రాత్రిపూట ఎదురుబండి లైట్లకు కళ్లు చెదిరి రోడ్డు అంచు కనిపించడం లేదంటే మారాల్సింది ఓనరు కాదు, దారి. దూరప్రాంతాల బండి వదిలి పగటిపూట తిరిగే బండి చూసుకోవాలి. అంతకంటే ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నలభై దాటిన డ్రైవర్లు కంటి అద్దాలు పెట్టుకుంటే ఓనరు పని ఇవ్వడేమోనని దాచుకోవడం ఉంది. అద్దాలు పెట్టుకుని నడిపేవాడి కంటే కనిపించకుండా నడిపేవాడు ఏ ఓనరుకూ లాభం కాదు.

మెకానిక్కు మాట

ఇక ఎవరిని అడగాలి? లారీ ఆఫీసు గుమాస్తా, బ్రోకరు, బంకు దగ్గర ఆగే తోటి డ్రైవర్లు, ఈ మధ్య వాట్సాప్ గ్రూపులు, ఇవన్నీ ఖాళీలు చెప్తాయి. కాని ఏ ఓనరు ఎలాంటివాడన్నది చెప్పగలిగింది షెడ్డులో మెకానిక్కు, టైర్ల కొట్టువాడు. బ్రేకు లైనింగులు ఎవరు సమయానికి మారుస్తారో, ఎవరు అరువు పెట్టి తిప్పుతారో, ఎవరు దారిలో చెడిపోయిన బండికి వెంటనే మనిషిని పంపుతారో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మెకానిక్కుకు డబ్బు ఎగ్గొట్టేవాడు డ్రైవరుకు సరిగా ఇస్తాడనుకోవడం అమాయకత్వం.

కూర్చున్న సీటు వదలకుండానే వెతకడం అన్నిటికంటే ముఖ్యం. చేతిలో బండి ఉన్న డ్రైవరును ఓనరు పిలుస్తాడు. ఖాళీగా బంకు దగ్గర నిలబడిన డ్రైవరును బేరమాడతాడు. డిసెంబరులో నలుగురి చెవిన వేసి జనవరి నెలాఖరుకు మారితే గిరాకీ తన వైపు ఉంటుంది. బండ్లు ఎక్కువై డ్రైవర్లు తగ్గుతున్న రోజులివి. పూర్వం క్లీనరుగా చేరి నాలుగేళ్లు బండి కడిగి, పట్టా కట్టి, గురువు పక్కన కూర్చుని స్టీరింగు నేర్చుకున్న కుర్రాళ్లుండేవారు. ఇప్పుడు చాలా బండ్లు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. క్లీనరు పోయాక తర్వాతి డ్రైవరు ఎక్కడి నుంచి వస్తాడన్న ప్రశ్న ఓనర్లకు కూడా ఇప్పుడిప్పుడే తడుతోంది. ఈ కొరత డ్రైవరు చేతిలో ఉన్న బలం. అడ్వాన్సు ఎంత ఇస్తావని మొదటి మాటగా అడిగిన డ్రైవరు ఆ బలాన్ని అక్కడే వదులుకుంటాడు.

ఒప్పుకునే ముందు ఒక ట్రిప్పు యాక్టింగుగా వెళ్లి రావడం మంచి పద్ధతి. ఓనరుకు డ్రైవరు చేయి తెలుస్తుంది, డ్రైవరుకు బండి తెలుస్తుంది. ట్రిప్పు అయ్యాక డబ్బు ఎన్ని ఫోన్లకు చేతికి వచ్చిందన్నది లెక్కపెట్టుకుంటే మిగతా సంగతి అదే చెప్తుంది.

జీతమా, ట్రిప్పు డబ్బా?

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఎవరో చేసింది కాదు, లెక్క చూసుకోకపోవడం వల్ల. ఒకచోట ట్రిప్పుకు 5,000 రూపాయలు, తిండి డ్రైవరుదే అనుకుందాం. మరోచోట నెలకు 18,000 జీతం, తిండికి రోజువారీ బత్తా వేరే. మద్రాసు వైపు ట్రిప్పు నాలుగు రోజుల్లో తిరిగివస్తే నెలకు ఏడు ట్రిప్పులు, 35,000. తిండికి రోజుకు 300 చొప్పున 9,000 పోయినా 26,000 మిగులుతుంది. జీతం కంటే ఇదే నయం. కాని ఫ్యాక్టరీ గేటు ముందు ఒక రోజు, సరుకు దించే చోట మరో రెండు రోజులు నిలబడితే ట్రిప్పుకు ఏడు రోజులు. నెలకు నాలుగే ట్రిప్పులు, 20,000. తిండి 9,000 పోతే చేతికి 11,000. రెండు లెక్కల్లోనూ డ్రైవరు చేసిన తప్పేమీ లేదు. బండి నిలబడటమే తేడా.

కాబట్టి అడగాల్సింది ట్రిప్పుకు ఎంతని కాదు, ట్రిప్పు ఎన్ని రోజులని. నిలబడిన రోజులకు పార్టీ ఇచ్చే హాల్టింగులో డ్రైవరుకు వాటా ఉందా? రిటన్ లోడు దొరక్కపోతే ఖాళీగా రప్పిస్తారా, దొరికేదాకా అక్కడే ఉంచుతారా? హమాలీల మామూలు, దారి ఖర్చు ఎవరిది? నాపరాయి లోడులో పగులు ఎవరి ఖాతా? డీజిలు మైలేజీ తగ్గితే కోస్తారా, కోస్తే ఖాళీ బండి లెక్కా, లోడు బండి లెక్కా? ఘాటు రోడ్డు మైలేజీ, కడప హైవే మైలేజీ ఒకటి కాదని తెలియని మేనేజర్లు కూడా ఉన్నారు.

చెక్‌పోస్టుల సంగతి కొంత మారింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. 2021 ఫిబ్రవరి నుంచి టోలు ఫాస్టాగ్‌లో పోతోంది. డ్రైవరు చేతిలో నగదు మీద లెక్క తగాదాలు ఆ మేరకు తగ్గాయి. బదులుగా, బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో జీపీఎస్‌లో ఓనరు ఇంట్లో కూర్చుని చూస్తున్నాడు. టీ తాగడానికి ఆగినా ఫోను వస్తుందని డ్రైవర్ల ఫిర్యాదు. అయితే ఆ జీపీఎస్సే, గేటు ముందు ఎన్ని గంటలు నిలబెట్టారో కూడా చెప్తుంది. హాల్టింగు అడిగే రోజున అదే డ్రైవరుకు సాక్ష్యం.

2025 అక్టోబరు తర్వాత తయారైన పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. రాయలసీమ ఎండల్లో నడిపేవారికి ఇది చిన్న సంగతి కాదు. కొత్త బండి ఉన్న ఓనరు, పాత బండి ఉన్న ఓనరు ఒకే జీతం చెప్తే ఎటు వెళ్లాలో మే నెలలో అడిగితే డ్రైవర్లు తడుముకోరు.

వదిలే రోజు

బండిని దారిలో వదిలేసి ఇంటికి రావడం కంటే డ్రైవరుకు చెడ్డపేరు మరొకటి లేదు. ఎంత అన్యాయం జరిగినా ఆ ఒక్క పని చేస్తే నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా లారీ ఆఫీసులన్నిటికీ ఆ మాట రెండు రోజుల్లో చేరుతుంది. పైగా సరుకు పోయినా, టైరు పోయినా నేరం వదిలినవాడి మీదికే వస్తుంది.

పద్ధతిగా వదలడం కష్టమేమీ కాదు. పదిహేను రోజుల ముందు చెప్పాలి. “అన్నా, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి నేను రాలేను. వేరే మనిషిని చూసుకో. ఈలోగా లెక్క తేల్చుకుందాం” అన్నంత మాట చాలు. అదే మాట ఫోన్లో మెసేజీగా పంపితే తేదీ నిలిచి ఉంటుంది. అప్పగించే రోజు పగలే రావాలి. స్టెప్నీ, జాకీ, పట్టా, తాళ్లు, టైర్ల నంబర్లు, డీజిలు, కిలోమీటర్ల రీడింగు, ఆర్సీ, పర్మిట్, బీమా, ఫిట్‌నెస్ అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బండి నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవాలి. అప్పగించిన వేళ రాసుకోవడం మరవకూడదు. ఆ తర్వాత వచ్చిన చలానాలు తర్వాతి డ్రైవరువి.

ప్రమాదం కేసు నడుస్తున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పాత ఓనరు పెట్టిన వకీలు ఆ తర్వాత కూడా కోర్టుకు వస్తాడా, ఫీజు ఎవరు ఇస్తారు అన్నది బండి దిగే ముందే రాతలో తేల్చుకోవాలి. సమన్లు పాత చిరునామాకు వెళ్లి డ్రైవరుకు అందక, వాయిదా తప్పి వారంటు దాకా పోయే ప్రమాదం ఉంది. ఎఫ్ఐఆర్ నకలు, కేసు నంబరు, కోర్టు పేరు దగ్గర పెట్టుకుని, కొత్త ఓనరుకు కూడా ముందే చెప్పడం మేలు. దాచిపెట్టి చేరితే వాయిదా రోజున బండి దిగాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి ఎలాగూ బయటపడుతుంది.

లారీ కాకుంటే

నంద్యాల జిల్లాలో హెవీ లైసెన్సు ఉన్నవాడికి లారీ ఒక్కటే గతి కాదు. 2022లో శంకుస్థాపన జరిగిన పిన్నాపురం విద్యుత్ ప్రాజెక్టు వంటి చోట్ల టిప్పర్లకు పని దొరికింది. ఇంటికి రోజూ చేరాలనుకునేవారు బడి బస్సులు, ఆర్టీసీ అద్దె బస్సులు చూసుకుంటున్నారు. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులయ్యారు గనుక ఆ కొలువు మీద ఆశ అందరికీ ఉంది. కాని నోటిఫికేషన్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడానికి లేదు.

గ్యాస్, పెట్రోలు ట్యాంకర్లు నడపాలంటే మూడు రోజుల శిక్షణ పొంది లైసెన్సులో ఆ మేరకు రాయించుకోవాలి. ఈ అనుమతి మూడేళ్లు చెల్లుతుంది. ఖర్చు, శ్రమ ఉన్నా ఈ కాగితం ఉన్నవారు తక్కువ గనుక పనికొస్తుంది. కారు లైసెన్సు మాత్రమే ఉన్న కుర్రాళ్లు 7,500 కిలోల లోపు సరుకు బండ్లు నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. క్లీనరు మెట్టు పోయిన ఈ రోజుల్లో చిన్న బండి మీద చేయి తిరిగాక పెద్ద బండి ఎక్కడం వారికి దారి.

గల్ఫ్ మోజు సీమకు కొత్త కాదు. కువైట్‌లో ఇంటి డ్రైవరు పని అంటే బండితో పాటు ఆ ఇంటి పనులు కూడా మీద పడవచ్చని తెలిసే వెళ్లాలి. ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగి విజిటింగ్ వీసా చేతిలో పెట్టేవాడి దగ్గరికి వెళ్లడం కంటే పాత ఓనరు దగ్గర మరో ఏడాది ఓపిక పట్టడమే మంచిది.

లైసెన్సు సంగతి

ఎన్ని జాగ్రత్తలు పడినా చేతిలో లైసెన్సు చెల్లకపోతే అన్నీ వృథా. 2019 సవరణతో రవాణా లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన కూడా ఆ ఏడే పోయింది. గడువుకు ఏడాది ముందు నుంచే పునరుద్ధరణ చేయించుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిచిపోతే మళ్లీ టెస్టు ఇవ్వాలి. గడువు తీరిన లైసెన్సుతో ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధితులకు ఇచ్చిన పరిహారాన్ని ఓనరు నుంచి రాబట్టుకునే అవకాశం ఉంది. అందువల్ల ఓనరు మొదట చూసేది ఆ తేదీనే. కొత్త పని వెతికే డ్రైవరు అంతకంటే ముందే చూసుకోవాలి. దానితో పాటే బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజనలో పేరుందో లేదో కూడా చూసుకుంటే ఒక పని అవుతుంది. ఏటా ఖాతాలో ఆ 20 రూపాయలు లేక బీమా ఆగిపోయినవారున్నారు.

సంక్రాంతికి ఊరు చేరే డ్రైవర్లు నాలుగైదు రోజులు ఇక్కడే ఉంటారు. పునరుద్ధరణ చేయించుకోదలచినవారు ఆన్‌లైన్‌లో ముందుగానే దరఖాస్తు చేసి, వైద్య ధ్రువపత్రం తీసుకుని పెట్టుకుంటే పండుగ సెలవుల తర్వాత నంద్యాల రవాణా కార్యాలయంలో పని ముగించుకుని, శనగ లోడ్లు మొదలయ్యే వేళకు బండి ఎక్కవచ్చు.